తలుపు నాలుగు మిల్లీమీటర్లు దిగింది: ఒక కాన్సెప్ట్ కారుతో నా పదకొండు నెలలు

ఈ రోజు 2020 మార్చి 29, ఆదివారం. అమ్మడానికి కాక, షోలో చూపించడానికి మేం పదకొండు నెలలు చేసిన కాన్సెప్ట్ కారు తాళం వేసిన షెడ్డులో గుడ్డ కప్పుకొని ఉంది. దానికి 12 కిలోమీటర్ల దూరంలో, ఇటలీలోని ట్యూరిన్‌లో మూడో అంతస్తులోని ఒక గదిలో కూర్చొని ఇది రాస్తున్నాను. కరోనా లాక్‌డౌన్ కదా, బయటికి వెళ్లాలంటే ఎందుకు వెళ్తున్నానో ఫారం మీద రాసి, సంతకం పెట్టి జేబులో ఉంచుకోవాలి. చేతినిండా పని ఉన్నన్నాళ్లూ రాయడానికి తీరిక దొరకలేదు.

మన పిల్లలు చాలామంది నాకు మెసేజ్‌లు పెడుతుంటారు. "అక్కా, కాన్సెప్ట్ కార్లు చేయాలంటే ఏం చదవాలి?" అని. ఏం చదవాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. చేస్తున్నప్పుడు ఎలా ఉంటుందో నేను చెబుతాను, అదీ తలుపుల వైపు నుంచి. ఈ కారులో నా బాధ్యత నాలుగు తలుపులు. కంపెనీ పేరు, కారు పేరు రాయను, ఒప్పందం అలాంటిది.

2019 ఏప్రిల్ 15, సోమవారం మొదటి మీటింగు. నలుగురు కూర్చునే ఎలక్ట్రిక్ లగ్జరీ కారు. పొడవు 5.2 మీటర్లు, ఎత్తు 1.3 మీటర్లు, 23 అంగుళాల చక్రాలు. ముందు తలుపు మామూలుగానే తెరుచుకోవాలి, వెనక తలుపు వెనక వైపు హింజ్‌ల (బందుల) మీద ఎదురుగా తెరుచుకోవాలి, రెండింటి మధ్య స్తంభం ఉండకూడదు. తలుపులు తెరిస్తే లోపల గది మొత్తం ఒకేసారి కనిపించాలి. 2020 మార్చి 3న జెనీవా మోటార్ షోలో పత్రికల వాళ్ల ముందు గుడ్డ తీయాలి. మా మేనేజర్ బోర్డు మీద ఆ తేదీ రాసి, కింద 46 అని వేశాడు. మిగిలిన వారాలు అన్నమాట. ప్రతి సోమవారం ఆ అంకె చెరిపి కొత్తది రాసేవాళ్లు. మొదట్లో నేను దాన్ని పట్టించుకోలేదు. నవంబరు నుంచి ఆఫీసులోకి రాగానే ముందు దాన్నే చూసేదాన్ని.

మధ్య స్తంభం లేని కారు కొత్తదేం కాదు. 1937లో తయారీ మొదలైన లాన్సియా ఆప్రిలియా ఈ ఊరి కారే, దానికీ అంతే. మే నెలలో పాత కార్ల వాళ్లు ఒకచోట కలిస్తే వెళ్లాను. యజమానిని అడిగి తలుపు తీసి చూశాను. మధ్యలో పట్టుకునే స్తంభం లేదు కాబట్టి గడియ ఒకటి పైన కప్పులోకి, ఒకటి కింద గడపలోకి వెళ్తుంది. మూసినప్పుడు చిన్న "టక్" శబ్దం, అంతే. ఎనభై ఏళ్ల కిందటి తలుపు అంత బాగా మూసుకుంటే, మనది ఇంకా బాగా మూసుకోవాలి కదా అనుకుంటూ ఇంటికొచ్చాను.

జూన్ మొదటి వారానికి మూడు డిజైన్లలో ఒకటి ఖాయమైంది. జూన్ చివర్లో అసలు సైజు క్లే మోడల్ మొదలైంది. మట్టి అంటాం గానీ అది మైనం కలిసిన గోధుమరంగు ముద్ద. 60 డిగ్రీల ఓవెన్‌లో పెడితే మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడి చెక్కడానికి వీలవుతుంది. లోపల ఇనుప చట్రం, దాని మీద ఫోమ్, ఆ పైన కొన్ని సెంటీమీటర్ల మందాన ఈ ముద్ద. మెషీన్ ముందు కోస్తుంది, ఆ తర్వాత మనుషులు రేకుల్లాంటి బ్లేడ్లతో గీకుతారు. ఒక్కో గీకుడికి జుట్టంత పలచటి పొర చుట్టుకుంటూ రాలుతుంది. మధ్యాహ్నానికి నేలంతా గోధుమరంగు చుట్టలే.

నాకు మొదటి గొడవ అక్కడే వచ్చింది. ఇంట్లో తలుపు గుర్తు తెచ్చుకోండి. పై బందు, కింది బందు ఒకే నిలువు గీత మీద ఉంటేనే తలుపు తిరుగుతుంది. కారు పక్క భాగం ఇంటి గోడలా నిటారుగా ఉండదు, పొట్టలా వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపు లోపల ఒక తిన్నని గీత గీసి, రెండు హింజ్‌లనూ దాని మీదే పెట్టాలి. వంపు ఎక్కువయ్యేకొద్దీ రెండు హింజ్‌లూ దగ్గరికి జరగాలి. అవి దగ్గరైతే తలుపు బరువు మోయడం కష్టం. నేను 340 మిల్లీమీటర్ల ఎడం అడిగాను. డిజైనర్‌కి ఆ వంపు ప్రాణం. కిటికీల కింద కారు పొడవునా పారే భుజం గీతను 3 మిల్లీమీటర్లు కిందికి దించితే నాకు చోటు దొరుకుతుందంటే, క్లే మీద నల్ల టేపు అతికించి చూపించాడు. పది అడుగుల దూరం నుంచి ఆ 3 మిల్లీమీటర్లు నాకే కొట్టొచ్చినట్టు కనిపించాయి. కారు నడుం కూలబడినట్టుంది. ఒప్పుకోక తప్పలేదు. చివరికి నాకు దక్కింది 260.

ఇటలీ పద్ధతి తెలియనివాళ్లకు ఒక మాట. ఆగస్టులో ఇక్కడ పని జరగదు. మూడు వారాలు మా వర్క్‌షాప్, మాకు పార్టులు చేసిచ్చేవాళ్లు, చివరికి కింద కాఫీ కొట్టు కూడా మూసేశారు. జూలైలో ఇవ్వని ఆర్డరు సెప్టెంబరు దాకా ఎవరూ ముట్టుకోరు. బోర్డు మీద అంకె మాత్రం ఆ మూడు వారాలూ తగ్గుతూనే ఉంది.

అక్టోబరు 18న డిజైన్ ఖాయం అన్నారు. క్లేని స్కాన్ చేసి కంప్యూటర్‌లో ఉపరితలాలు కట్టడం మొదలైంది. ఖాయం అన్న తర్వాత కూడా మూడుసార్లు మార్చారు. మారిన ప్రతిసారీ నా హింజ్ డ్రాయింగులు మళ్లీ వేశాను. హింజ్‌లు అల్యూమినియం దిమ్మె నుంచి కోసి చేసేవాళ్లు ఆరు వారాలు అడిగారు, డిసెంబరు 19న ఇచ్చారు. నాలుగు తలుపులకు ఎనిమిది హింజ్‌లు, 9,200 యూరోలు. అప్పటి లెక్కలో ఏడు లక్షల రూపాయలు దాటింది. ఆ డబ్బుతో ఆటోనగర్‌లో ఒక మంచి కారే కొనొచ్చని నాన్నకు చెబితే ఫోన్లో కాసేపు మాట లేదు.

నాన్నది విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ షెడ్డు. యాక్సిడెంటయిన కార్లు, వ్యాన్లు సొట్టలు తీసి, లప్పం పెట్టి, రంగు వేసి ఇస్తాడు. సెలవుల్లో నేనూ తమ్ముడూ ఉప్పుకాగితం పట్టి లప్పం రుద్దేవాళ్లం. 2016లో నేను ఇక్కడి పాలిటెక్నిక్ అనే యూనివర్సిటీలో ఎం.ఎస్‌. చదవడానికి వచ్చాక, నా పని ఏమిటో నాన్నకు పూర్తిగా అర్థమయ్యేలా చెప్పగలిగింది ఈ కారుతోనే.

జనవరి రెండో వారంలో కార్బన్ ఫైబర్ తలుపుల్ని రంగు లేకుండా మొదటిసారి తగిలించాం. ఒక్కో ముందు తలుపు 31 కిలోలు. చుట్టూ సందు 3.5 మిల్లీమీటర్లు, ఎక్కడ కొలిచినా అంతే. ఆ రోజు సాయంత్రం అందరం పిజ్జా తిన్నాం. ఆ తర్వాత విప్పి రంగుకి పంపాం. నలుపులోకి దిగే ముదురాకుపచ్చ. పొర మీద పొర వేయడం, ఆరబెట్టడం, నీళ్లతో రుద్దడం, మళ్లీ వేయడం. తొమ్మిది రోజులు పట్టింది. ఎడమ వెనక తలుపు మీద కంటికి ఆనని ఒక దారప్పోగు, రంగు పైన వేసే క్లియర్ కోటు కింద పడింది. దాన్ని తీసి మెరుగు పెట్టడానికి ఒక మనిషికి ఒక రోజు.

ఈలోగా లోపలి వాళ్లు తమ పని చేసుకుంటున్నారు. ఇక్కడ నాకు తెలియకుండా రెండు జరిగాయి. ఒకటి చిన్నది. లోపలి ప్యానెల్‌కి తొడిగే తోలు మందం 1.2 మిల్లీమీటర్లు, దాని కింద 3 మిల్లీమీటర్ల ఫోమ్. అంచు దగ్గర తోలు మడత పడుతుంది కాబట్టి అక్కడ రెట్టింపు. కంప్యూటర్‌లో చక్కగా పట్టిన ప్యానెల్ తోలు తొడిగాక పట్టలేదు, అంచంతా చెక్కాల్సి వచ్చింది. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు తోలు మందం మొదటిరోజే అడిగి రాసుకోండి. రెండోది పెద్దది. తలుపులో ఇంకో స్పీకరు, చెక్క పలక, తలుపు తనంతట తాను తెరుచుకోవడానికి పెద్ద మోటారు చేరాయి. నేను లెక్కలు వేసింది 38 కిలోలకు. నా బరువుల పట్టిక నవంబరు తర్వాత నేను మార్చలేదు. అది పూర్తిగా నా తప్పు.

ఫిబ్రవరి 12, బుధవారం రాత్రి 8 గంటలకు రంగు వేసిన ముందు తలుపుల్ని అన్నీ బిగించి తగిలించాం. ఒక్కో తలుపు తూకం 52 కిలోలు. చేయి వదలగానే తలుపు కొస కిందికి దిగడం కళ్లారా చూశాను. 4 మిల్లీమీటర్లు. మామూలు కారులో నాలుగు మిల్లీమీటర్లంటే మీరు గమనించకపోవచ్చు. ఇక్కడ ముందు తలుపు, వెనక తలుపు ఎదురెదురుగా కలిసేచోట, హెడ్‌లైట్ నుంచి తోక దాకా ఒకే వెలుగు గీత పారాలి. డిజైనర్ వంపు కోసం పట్టుబట్టింది ఆ గీత కోసమే. ట్యూబ్‌లైట్ల కింద ఆ గీత ముందు తలుపు చివరిదాకా వచ్చి, విరిగి, నాలుగు మిల్లీమీటర్ల పైన మళ్లీ మొదలైంది. షెడ్డులో ఉన్న తొమ్మిది మందిలో ఎవరూ మాట్లాడలేదు. నా చేతులు చల్లబడిపోయాయి.

లెక్క తర్వాత వేశాను. తలుపు బరువు హింజ్ నుంచి 55 సెంటీమీటర్ల దూరంలో వేలాడుతోంది, హింజ్‌ల మధ్య ఎడం 26 సెంటీమీటర్లు. అంటే పై హింజ్ మీద దాదాపు 110 కిలోల లాగుడు, కింది హింజ్ మీద అంతే తోపుడు. తలుపు పొడవు 1.15 మీటర్లు కాబట్టి హింజ్‌ల దగ్గర మిల్లీమీటరు లోపు కదలిక కొసన నాలుగవుతుంది. ఎంత కదిలిందో తెలిసింది, ఎక్కడ కదిలిందో తెలియలేదు. రంగు వేసిన బాడీని గీకలేం. కొత్త హింజ్‌లు చేయించడానికి ఆరు వారాలు లేవు. బోర్డు మీద అంకె 3.

రాత్రి ఒంటిగంటన్నరకు ఇంటికొచ్చాను. నిద్ర పట్టలేదు. ఇండియాలో ఆరు గంటలైంది, నాన్న లేచే వేళ. వీడియో కాల్ చేశాను. ముందు బాగా ఏడ్చాను. ఆయన ఆగనిచ్చి, "ఏమ్మా, పిన్ను లూజా, పట్టీ లూజా?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"తలుపు తీసి, కొస పట్టుకొని ఒక మనిషిని పైకెత్తమను. నువ్వు బందు దగ్గర వేలు పెట్టు. సగం వేలు తలుపు మీద, సగం వేలు పట్టీ మీద. పిన్ను ఆడితే వేలికి తగులుతుంది. ఆడకపోతే బందు పట్టుకున్న చోటే వంగుతోంది. ముందది తెలుసుకో తల్లీ. ఏడిస్తే తలుపు లేవదు. వంగేదానికి వెనక దన్ను పెట్టు. ఇంకా మిగిలినదాన్ని ఎత్తి బిగించు. ఉత్త తలుపు ఎత్తుగానే ఉండాలి, బరువెక్కాక సరిపోవాలి. మేం వ్యాన్లకి అంతే చేస్తాం."

పొద్దున ఏడింటికే షెడ్డుకి వెళ్లాను. మా దగ్గర 67 ఏళ్ల రేకు పనివాడు ఒకాయన ఉన్నాడు. రిటైరయ్యాక కూడా పెద్ద పనులకు పిలుస్తారు. ఇంగ్లీషు రాదు, నా ఇటాలియన్ అంతంత మాత్రం. తలుపు ఎత్తమని సైగ చేసి హింజ్ మీద వేలు పెట్టగానే ఆయనకు అర్థమైపోయింది. నవ్వి, "మీ నాన్నేనా?" అన్నాడు. నాన్న పని గురించి ఆయనకు ఎప్పుడో చెప్పాను. పిన్ను కదల్లేదు. హింజ్‌ని మోసే ఇనుప గొట్టం మీది పట్టీ ఊపిరి తీసుకుంటున్నట్టు వంగుతోంది. వేలికి స్పష్టంగా తెలిసింది.

వెల్డింగ్ చేద్దామంటే రెండు అంగుళాల దూరంలో తోలు, రంగు. అందుకని పట్టీ వెనక 6 మిల్లీమీటర్ల ఇనుప పలక కోసి, బోల్టులతో బిగించాం. దానికోసం డాష్‌బోర్డు సగం విప్పాల్సి వచ్చింది. మూడు రాత్రులు. దిగడం 4 నుంచి 1.5కి తగ్గింది. ఆ మిగిలిన ఒకటిన్నరనూ హింజ్ కింద షిమ్‌లు అనే పలచటి రేకు ముక్కలు పెట్టి పైకెత్తాం. ఫిబ్రవరి 16, ఆదివారం మధ్యాహ్నం ఆ పెద్దాయన చేతికి నూలు గ్లవ్ తొడుక్కొని, కళ్లు మూసుకొని, ముందు తలుపు మీద నుంచి వెనక తలుపు మీదకు అరచేయి జరిపాడు. గ్లవ్ వేసుకుంటే చెయ్యి రంగుకి అంటుకోకుండా జారుతుంది, ఎత్తుపల్లాలు బాగా తెలుస్తాయి. నాన్న పాత బనియన్ గుడ్డతో చేస్తాడు. సందు దాటుతున్నప్పుడు ఆయన చెయ్యి ఆగలేదు. అదే చాలు నాకు. గోడకు ఆనుకొని కింద కూర్చుండిపోయాను.

ఆ నెలలో మా పిన్ని కూతురి పెళ్లి. డిసెంబరులో కొన్న టికెట్ 610 యూరోలు పోయాయి, వెనక్కి ఇవ్వలేదు. రాత్రుళ్లు ట్రామ్ దొరక్క టాక్సీలకు మరో 400. ఓవర్‌టైం డబ్బు ఇంకా రాలేదు. పైగా నా నివాస అనుమతి కార్డు రెన్యూవల్ అక్టోబరులోనే పెట్టాను. ఫీజులన్నీ కలిపి సుమారు 125 యూరోలు. వేలిముద్రలకు జనవరి 14న పిలిచారు. కార్డు చేతికి వచ్చింది ఫిబ్రవరి 19న. రసీదుతో ఇటలీలో ఉండొచ్చు గానీ స్విట్జర్లాండ్ వెళ్లడం కుదరదు. కార్డు ఇంకో వారం ఆలస్యమైతే నా తలుపుల వెంట నేను వెళ్లలేకపోయేదాన్ని. విదేశంలో ఈ పని చేసేవాళ్లు షో తేదీతో పాటు కార్డు తేదీ కూడా చూసుకోవాలి.

టైర్ల సంగతి కూడా చెప్పాలి. ఆ సైజులో మాకు నచ్చిన గాళ్ల టైరు బజారులో లేదు. నున్నటి టైర్లు తెచ్చి, వేడి బ్లేడుతో ఒక మనిషి వారం రోజులు కూర్చొని గాళ్లు చెక్కాడు. కారు గంటకు 20 కిలోమీటర్లకు మించి పోదు కాబట్టి సరిపోతుంది. అద్దాలు గాజువి కావు, యాక్రిలిక్. మొదటి ముందద్దంలో చూస్తే ఎదురుగా ఉన్న మనిషి మెడ వంకరగా కనిపించింది, రెండోది వచ్చేసరికి ఏడు వారాలు.

ఫిబ్రవరి 21, శుక్రవారం. మేం ఫిల్మ్ షూటింగ్‌కి సిద్ధమవుతుంటే ఎవరో రేడియో గట్టిగా పెట్టారు. కొదోన్యో అనే ఊళ్లో కరోనా కేసు. మాకు రెండు గంటల దూరం. ఆదివారానికి మా ప్రాంతంలో బళ్లు మూసేస్తున్నట్టు ప్రకటించారు. సోమవారం కారుని మూసివున్న లారీలోకి ఎక్కించాం. తలుపు కొసల కింద ఫోమ్ పెట్టి, దారిలో గుంతలకు హింజ్‌ల మీద బరువు పడకుండా కట్టాం. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు కాబట్టి కారు తిరిగి వస్తుందని హామీ ఇచ్చే ఏటీఏ కార్నే అనే కస్టమ్స్ పత్రం కావాలి. అందులో విడి బ్యాటరీ, పనిముట్ల పెట్టె కూడా రాయాలి. మా షిమ్‌ల డబ్బా రాయడం మర్చిపోయాం, దాన్ని నేను వదిలేసి రాలేక ఆ కాగితం మళ్లీ చేయించుకున్నాం. మంగళవారం పొద్దున మాన్ బ్లాంక్ సొరంగం దాటాం.

బుధ, గురువారాలు జెనీవాలో షో జరిగే పాలెక్స్‌పో హాల్లో పని. ఎక్కడ చూసినా కార్పెట్లు, నిచ్చెనలు, ప్లాస్టిక్ కప్పుకున్న కార్లు. గురువారం రాత్రి తిరిగే వేదిక మీద మా కారు లైట్ల కింద మొదటిసారి ఒక చుట్టు తిరిగింది. వెలుగు గీత హెడ్‌లైట్ దగ్గర పుట్టి, ముందు తలుపు మీదుగా సందు దాటి, వెనక తలుపు మీదికి పాకి, తోక దగ్గర సన్నబడి పోయింది. ఎక్కడా తెగలేదు. డిజైనర్ నా పక్కకొచ్చి నిలబడ్డాడు. ఇద్దరం ఇంకో మూడు చుట్లు చూశాం. క్లే రోజుల్లో ఆయన మీద నాకున్న కోపం అక్కడే పోయింది.

శుక్రవారం, ఫిబ్రవరి 28 పొద్దున, వెయ్యి మందికి మించిన సభలన్నీ స్విస్ ప్రభుత్వం నిషేధించింది. షో రద్దు. నేను అప్పుడు మోకాళ్ల మీద కూర్చొని గడప మీది వేలిముద్రలు తుడుస్తున్నాను. మేనేజర్ వచ్చి చెప్పాడు. ఏం చేయాలో తెలియక ఆ గడప పూర్తిగా తుడిచేశాను. పక్క స్టాండులో అప్పటికే స్క్రూలు విప్పుతున్న శబ్దం మొదలైంది. ఒక్కరోజులో హాలంతా మళ్లీ పెట్టెలు, నిచ్చెనలు. బోర్డు మీద అంకె సున్నా కావడానికి ఇంకా నాలుగు రోజులుంది.

మార్చి 3న ముందే తీసిన ఫిల్మ్‌ని ఆన్‌లైన్‌లో విడుదల చేశారు. రెండు నిమిషాల పది సెకన్లు. అందులో తలుపులు తెరుచుకునేది ఆరు సెకన్లు. నాన్న దాన్ని షెడ్డులో కుర్రాళ్లందరికీ చూపించాడు. కారు మొత్తం ఖర్చు పది లక్షల యూరోలు, అంటే దాదాపు ఎనిమిది కోట్ల రూపాయలు దాటిందని మాలో మేం అనుకునే మాట. లైట్ల కింద తిరుగుతుండగా దాన్ని కళ్లారా చూసింది పట్టుమని ముప్పై మంది. ఆ బాధ ఇంకా ఉంది, దాచుకోను.

మార్చి 13, శుక్రవారం వర్క్‌షాప్ మూసేశారు. ఆ సాయంత్రం బ్యాటరీ కనెక్షన్ తీసి, టైర్ల కింద చెక్క దిమ్మెలు పెట్టాం. అందరూ వెళ్లాక, సందులు కొలిచే పలచటి రేకుల ఫీలర్ గేజ్‌తో నాలుగు తలుపుల సందులూ కొలిచాను. ఎడమ ముందు తలుపు కొసన పైన 3.6, కింద 3.4. పేపరు టేపు మీద తేదీతో సహా రాసి తలుపు లోపలి అంచున అతికించి, ఫొటో తీసి నాన్నకు పంపాను.

ఇప్పుడు ఆటోనగర్‌లో నాన్న షెడ్డు కూడా మూతే. ఆయనకు ఏం తోచడం లేదట. నిన్న ఆ ఫొటో మళ్లీ తీసి చూసి మెసేజ్ పెట్టాడు. "తలుపు రబ్బర్లు కొత్తవి కదమ్మా, మూసి ఉంటే నలుగుతాయి. తెరవగానే ముందు పైసందు కొలువు."

షెడ్డు తెరిచిన రోజున చేయాల్సిన మొదటి పనిగా అది రాసి పెట్టుకున్నాను.